కాన్‌కోలెలో మొదటి ఓడ: అయిదుగురిలో ఎవరిని తీసుకోవాలి?

కాన్‌కోలె అనే జపాన్ ఆట మొదలుపెట్టిన ప్రతివాళ్ళకీ ఆరంభంలోనే ఒక టెన్షన్ ఎదురవుతుంది. అకౌంట్ తతంగం అయిపోయి, అడ్మిరల్‌గా మన పేరు రాసుకున్నాక, ఆట అయిదుగురు అమ్మాయిల్ని చూపించి ఒకరిని తీసుకోమంటుంది. ఫుబుకి, మురకుమో, సజనామి, ఇనజుమా, సమిదారె. రాతంతా జపనీస్. వెనక్కి వెళ్ళి మార్చుకునే వీలుండదు. నాకు ఆ భాష అప్పట్లో అక్షరం ముక్క రాదు. గులాబీ రంగు జుట్టు బాగుందని సజనామి మీద నొక్కేశాను. ఎందుకు తొందరపడ్డానా అని ఆ తర్వాత నెల రోజులు అనుకున్నాను. ఆ కథ తర్వాత చెప్తాను.

ఆట సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. పూర్తి పేరు కాంటాయ్ కలెక్షన్. 2013 ఏప్రిల్ 23న జపాన్‌లో డీఎంఎం, కడోకావా కలిసి తెచ్చిన బ్రౌజర్ గేమ్. రెండో ప్రపంచయుద్ధం నాటి జపాన్ యుద్ధనౌకలు ఇందులో అమ్మాయిలు. మనం అడ్మిరల్. ఇంధనం, మందుగుండు, ఉక్కు, బాక్సైట్ పోగేసుకుంటూ ఆరుగురిని ఒక దళంగా కట్టి సముద్రం మీదికి పంపాలి. దళంలో మొదటి స్థానంలో ఉన్న అమ్మాయే మన సెక్రటరీ. ఆట తెరిచినప్పుడల్లా ఎదురుగా నిలబడేది ఆవిడే, వేలు పెడితే పలికేదీ ఆవిడే.

ముందే ఒక మాట చెప్పేస్తే సగం బెంగ తీరుతుంది. ఎవరిని తీసుకున్నా మిగతా నలుగురూ తర్వాత దొరుకుతారు. వీళ్ళెవరూ అరుదైన ఓడలు కారు. యుద్ధాల్లో దొరుకుతారు, కట్టించుకున్నా వస్తారు. మొదట్లో బలాబలాలు కూడా ఇంచుమించు ఒకటే. అయిదుగురూ డిస్ట్రాయర్లే, అంటే చిన్న యుద్ధనౌకలే, తిండి (ఇంధనం, మందుగుండు) తక్కువ, దెబ్బకి తట్టుకునే శక్తీ తక్కువ. కాబట్టి అంకెలు ముందేసుకుని పోల్చడం దండగ. అడగాల్సింది రెండే: మొదటి నెలంతా ఎవరి గొంతు వినగలరు? ఏడాది తర్వాత కూడా ఆ అమ్మాయి మీ దళంలో పనికొస్తుందా?

రెండో ప్రశ్నకి జవాబు తేలికే. అయిదుగురికీ 20వ లెవెల్‌లో మొదటి మార్పు ఉంటుంది. ఆట భాషలో దాన్ని 'కాయ్' అంటారు, పరికరాలు పెట్టుకునే జాగా పెరుగుతుంది. దాని మీద ఇంకో పెద్ద మార్పు, 'కాయ్ ని', ఫుబుకికీ మురకుమోకీ ఉంది. ఇద్దరికీ 70వ లెవెల్‌లోనే. మిగతా ముగ్గురినీ ఎంచుకున్నవాళ్ళు చాలా ఏళ్ళు ఆ భాగ్యం కోసం ఎదురుచూస్తూనే గడిపారు. లెక్క చూసి ఎంచుకునే మనిషైతే పోటీ ఈ ఇద్దరి మధ్యే.

ఫుబుకితో మొదలుపెడదాం. పేరుకి అర్థం మంచు తుఫాను. అసలు ఓడ 1928 ఆగస్టులో నౌకాదళంలో చేరింది. ఆ వరసలో మొదటిది కాబట్టి తరగతి మొత్తానికీ ఆ పేరే పెట్టారు. మూతపెట్టిన జంట టరెట్లలో ఆరు 12.7 సెంటీమీటర్ల ఫిరంగులు, తొమ్మిది టార్పెడో గొట్టాలు. ఆ కాలపు డిస్ట్రాయర్ మీద ఇంత సరంజామా ఎవరూ ఎక్కించలేదు. ఎక్కించినందుకు మూల్యమూ చెల్లించారు. 1935 సెప్టెంబరులో విన్యాసాల మధ్య తుఫాను పట్టుకుంటే ఇదే రకం ఓడలు రెండింటికి, హత్సుయుకి, యూగిరిలకి, ముందు భాగాలు విరిగి కొట్టుకుపోయాయి. ఆ తర్వాత వీటన్నిటినీ రేవుకి తెచ్చి బిగించుకోవాల్సి వచ్చింది.

ఆటలో ఫుబుకి ఫస్ట్ బెంచ్ పిల్ల. చెప్పిన పని చేస్తుంది, చెప్పని పని కూడా చేయడానికి చూస్తుంది, ప్రతిదానికీ 'నేను కష్టపడతాను' అంటుంది. 2015లో వచ్చిన టీవీ అనిమేకి హీరోయిన్ ఈమే. గీసిన చిత్రకారుడి శైలిలో మొహాలు సాదాగా, పల్లెటూరి పిల్లల్లా ఉంటాయి. అందుకే జపాన్ అభిమానులు ముద్దుగా 'ఇమో' అంటారు, అంటే దుంప. మొదట చూసినప్పుడు ఏముంది ఈ పిల్లలో అనిపిస్తుంది. నిజం చెప్పాలంటే ఎక్కువేమీ లేదు. కానీ 70 దాటాక విమానాలను కూల్చే పనిలో గట్టి చెయ్యి అవుతుంది, ఆ అవసరం పెద్ద మ్యాపుల్లో తరచూ పడుతుంది. ఏమీ తేల్చుకోలేకపోతున్నారా, ఫుబుకిని తీసుకోండి. నష్టపోరు.

మురకుమో దగ్గరికొస్తే నేను కాస్త పక్షపాతిని. పేరుకి అర్థం గుంపుగా కమ్ముకున్న మేఘాలు. జపాన్ పురాణాల్లోని దైవఖడ్గం పేరులో కూడా ఈ మాటే ఉంది. ఫుబుకికి సొంత చెల్లెలు, ఇద్దరికీ గొంతు ఇచ్చిందీ ఒకే నటి, సుమిరె ఉఎసాకా. అయినా ఇద్దరూ ఉత్తర దక్షిణ ధ్రువాలు. తెల్లటి పొడుగు జుట్టు, తలకి రెండు పక్కలా గాలిలో తేలే కొమ్ముల్లాంటి పరికరాలు, చేతిలో బల్లెం. ఫుబుకి మనల్ని కమాండర్ గారూ అన్నట్టు మాట్లాడితే, ఈవిడ 'ఏంటి, కమాండర్‌వి నువ్వేనా? సరే, నీ పాట్లు నువ్వు పడు' అన్న ధోరణిలో ఉంటుంది. జపనీస్‌లో 'అంతా' అనే మాట వాడుతుంది. అది మన ఇళ్ళలో అక్కయ్య తమ్ముణ్ణి పిలిచే 'ఒరేయ్'కి కాస్త దగ్గరగా ఉంటుంది. కొంతమందికి ఆ విసురు మొదటి రోజే విసుగు పుట్టిస్తుంది. నాకు మాత్రం మూడు వారాలు పోయాక, తిట్టే మనిషే పని సరిగ్గా చూసుకుంటుందన్న నమ్మకం కుదిరింది.

ఈ అక్కాచెల్లెళ్ళ చివరి రోజు చదివాక ఇద్దర్నీ విడివిడిగా చూడలేం. 1942 అక్టోబరు 11 రాత్రి, గ్వాడల్‌కనాల్ దగ్గర కేప్ ఎస్పెరన్స్ యుద్ధంలో అమెరికన్ ఓడలు దగ్గరి నుంచి పేల్చిన గుళ్ళకి ఫుబుకి మునిగిపోయింది. అందులోవాళ్ళలో వందమందికి పైగా అమెరికన్లకే చిక్కారు. ఆ రాత్రి సామాన్లు దింపే దళానికి కాపలాగా వెళ్ళిన మురకుమో, దెబ్బతిన్న తమవాళ్ళ కోసం వెతకడానికి వెనక్కి వచ్చింది. తెల్లారాక గ్వాడల్‌కనాల్‌లో అమెరికన్ల విమానస్థావరం హెండర్సన్ ఫీల్డ్ నుంచి లేచిన విమానాలు పట్టుకున్నాయి. కదలలేని స్థితికి వచ్చాక తోటి ఓడ షిరాయుకియే టార్పెడో వేసి ముంచేసింది. అక్కకీ చెల్లెలికీ మధ్య ఒక్క రోజు కూడా తేడా లేదు. ఆటలో ఆ విసురు వెనక ఉన్నది ఇది. వెతకడానికి వెనక్కి తిరిగిన ఓడ ఇది.

ఇక్కడ ఒక పక్కదారి. విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. ఊరు ఖాళీ చేసి మూటాముల్లె నెత్తిన పెట్టుకుని లోపలి పల్లెలకి పోయిన కథలు ఉత్తరాంధ్రలో ఇంకా కొన్ని ఇళ్ళలో చెప్పుకుంటారు. ఆ విమానాలు లేచింది ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక మీద నుంచి. ఆ ర్యూజో కూడా ఈ ఆటలో ఉంది, గలగలా కాన్సాయ్ యాసలో మాట్లాడే పొట్టి పిల్లగా. అంతకు రెండు వారాల ముందు, మార్చి 23న, జపాన్ అండమాన్‌ని పట్టుకుంది. ఫుబుకి, మురకుమో ఉన్న పదకొండో డిస్ట్రాయర్ డివిజన్ ఆ పనిలోనూ, తర్వాత పోర్ట్ బ్లెయిర్ చుట్టూ కాపలాలోనూ తిరిగింది. ముద్దుగా ఉన్నారని దళంలో చేర్చుకునే అమ్మాయిలు ఒకప్పుడు మన బంగాళాఖాతంలో ఏ పని మీద తిరిగారో తెలిసి ఆడటం వేరు. నేను ఆట మానలేదు. ర్యూజోని సెక్రటరీగా మాత్రం ఎప్పుడూ పెట్టలేదు.

ఇనజుమా సంగతికి వస్తే, చాలామంది లెక్కలు పక్కనపెట్టి ఎంచుకునేది ఈమెనే. పేరుకి అర్థం మెరుపు, మనిషి మాత్రం నీడని చూసి ఉలిక్కిపడే రకం. ప్రతి వాక్యం చివరా 'నానో దెసు' అంటుంది. దానికి తెలుగులో సరైన అనువాదం అడిగితే నేను 'అండి' అంటాను. గోదావరి జిల్లాల్లో చిన్నపిల్లలు 'వచ్చానండి, తిన్నానండి, తెలీదండి' అన్నట్టు. రెండు రోజులు వింటే మన నోట్లోకీ వచ్చేస్తుంది. మా ఇంట్లో అన్నానికి రమ్మంటే 'వస్తున్నా నానో దెసు' అని తిట్లు తిన్నాను.

ఈ పిరికితనం, ఈ మెతకదనం రాసినవాళ్ళకి ఊరికే తట్టినవి కావు. 1934 జూన్ 29న, జెజు దీవి దగ్గర విన్యాసాల్లో ఇనజుమా వెళ్ళి తోటి డిస్ట్రాయర్ మియుకిని గుద్దింది. మియుకి అక్కడే మునిగిపోయింది. ఈ రకం ఓడల్లో యుద్ధం మొదలవకముందే పోయినది అదొక్కటే. ఇక 1942 మార్చి మొదట్లో జావా సముద్రంలో బ్రిటిష్ క్రూజర్ ఎక్సెటర్ మునిగాక నీళ్ళలో పడ్డ వందల మంది శత్రు నావికుల్ని ఇనజుమా ఎక్కించుకుంది. ఆ మర్నాడు జంట ఓడ ఇకజుచి, కెప్టెన్ షున్‌సాకు కుదో ఆజ్ఞ మీద, ఇంకో నాలుగు వందల మందికి పైగా బయటికి లాగింది. జలాంతర్గాములు తిరిగే నీళ్ళలో ఓడ ఆపి మనుషుల్ని ఏరుకోవడం మామూలు సాహసం కాదు. ఆటలో ఇనజుమా 'మునిగిపోయిన శత్రువుల్ని కూడా వీలైతే కాపాడాలనుంది' అని గొణుగుతుంది. ముందు నాకది అనిమే మార్కు సెంటిమెంట్‌లా వినిపించింది. చరిత్ర చదివాక అదే మాట వేరేలా వినపడింది. ఆ ఓడని 1944 మే 14న బోన్‌ఫిష్ అనే అమెరికన్ జలాంతర్గామి ముంచింది. బతికినవాళ్ళని ఎక్కించుకున్నది అక్క హిబికి.

ఇనజుమాని తీసుకుంటే ఇంకో చిన్న లాభం. ఆట మొదట్లోనే అకత్సుకి, హిబికి, ఇకజుచి, ఇనజుమా నలుగురినీ ఒక దళంగా కట్టమనే క్వెస్ట్ వస్తుంది. ఒకరు ముందే చేతిలో ఉంటే ముగ్గురి కోసం వెతికితే చాలు. ఇలాంటిదే ఫుబుకి, మురకుమో ఉన్న పదకొండో డివిజన్‌కీ ఉంది. లాభమంటే లాభం, కానీ దీని కోసమే ఎంచుకునేంత పెద్దది కాదు. బలం దృష్టితో చూస్తే ఇనజుమా మామూలు డిస్ట్రాయరే. ఏడాది తర్వాత పెద్ద యుద్ధాలకి తీసుకెళ్ళకుండా ఇంటి దగ్గర సెక్రటరీగా ఉంచేస్తారు. అలా ఉంచడానికి ఇంతకన్నా మంచి మనిషి దొరకదు.

సమిదారె ఈ గుంపులో వేరే తరగతి. మిగతా నలుగురూ ఫుబుకి వంశమైతే, ఈమె షిరత్సుయు రకం. 1930 లండన్ ఒప్పందం డిస్ట్రాయర్ల బరువుకి పరిమితి పెట్టాక వచ్చిన కొత్త కొలతల సంతానం. ఫిరంగులు అయిదే, టార్పెడో గొట్టాలు ఎనిమిది. ఆటలో ఈ తేడా మీకు పెద్దగా తెలియదు. పేరుకి అర్థం పాత పంచాంగం అయిదో నెలలో, అంటే జూన్ ప్రాంతంలో, రోజుల తరబడి పట్టే ముసురు. ఆ ముసురు రంగే జుట్టుకి. మనసు మంచిది, కాళ్ళూ చేతులూ మాత్రం ఒకచోట ఉండవు. టీ తెస్తూ తడబడే రకం. అసలు ఓడ కూడా 1943 నవంబరులో ఎంప్రెస్ అగస్టా బే యుద్ధంలో సొంత తరగతి ఓడ షిరత్సుయుని గుద్దుకుంది. 1944 ఆగస్టులో పలావ్ దగ్గర దిబ్బ ఎక్కి కదల్లేక నిలిచిపోయింది. అక్కడే బ్యాట్‌ఫిష్ అనే జలాంతర్గామి వచ్చి పని ముగించింది. కానీ తడబాటు ఒక్కటే చూస్తే ఆ ఓడకి అన్యాయం చేసినట్టు. 1942 నవంబరులో గ్వాడల్‌కనాల్ దగ్గర యూదాచి అనే తోటి డిస్ట్రాయర్ దెబ్బతిని ఆగిపోతే, దానిలోవాళ్ళని ఎక్కించుకుని బయటపడింది సమిదారె. విసుర్లు, వెటకారాలు వద్దు, ప్రశాంతంగా ఉండే మనిషి కావాలనుకుంటే ఈమె. బలం విషయంలో మాత్రం ఆశలు పెట్టుకోవద్దు.

ఇక నేను ఎంచుకున్న సజనామి. పేరుకి అర్థం చిరు అలలు. మనల్ని 'గోషుజిన్-సామా' అంటుంది, అయ్యగారూ అన్నట్టు. తీరా చూస్తే అందులో వినయం కన్నా వెక్కిరింపే ఎక్కువ. మాటలన్నీ జపాన్ ఇంటర్నెట్ చాటింగ్ భాష. అదే ఆమె అందం, అదే నా చిక్కు. ఆ భాష, ఆ జోకులు తెలిసినవాళ్ళు పగలబడి నవ్వుతారు. నేను మాత్రం పక్కింటివాళ్ళ పెళ్ళిలో అరవై మంది చుట్టాల మధ్య కూర్చున్నవాడిలా ఉండేవాణ్ణి. జపనీస్ నేర్చుకుంటూ ఆడదామనుకునేవాళ్ళకి కూడా ఈమె పనికిరాదు. పాఠ్యపుస్తకంలో లేని మాటలే మాట్లాడుతుంది. అసలు ఓడ మాత్రం గట్టిదే. పెర్ల్ హార్బర్ రోజు రాత్రే ఉషియో అనే తోటి డిస్ట్రాయర్‌తో కలిసి మిడ్‌వే దీవి మీద గుళ్ళు కురిపించింది. 1942 మేలో కోరల్ సముద్రంలో షోహో అనే విమానవాహక నౌక మునిగితే రెండు వందల మందికి పైగా ఎక్కించుకుంది. 1944 జనవరి 14న యాప్ దగ్గర అల్బకోర్ జలాంతర్గామి టార్పెడోలకి పోయింది. ఇంత చరిత్ర ఉండి కూడా ఆటలో జోకర్ వేషం వేశారు, నాకు ఇప్పటికీ కాస్త బాధే.

ఎవరిని తీసుకున్నా ఒక నియమం గుర్తుపెట్టుకోవాలి. ఈ ఆటలో మునిగిన ఓడ మళ్ళీ రాదు. పెంచిన లెవెల్, పెట్టిన పరికరాలు, అన్నీ పోతాయి. బలం నాలుగో వంతుకో అంతకన్నా కిందికో పడిపోతే దాన్ని 'తైహా' అంటారు, బట్టలు చిరిగిపోయిన బొమ్మ వస్తుంది. ఆ స్థితిలో తర్వాతి యుద్ధానికి ముందుకెళ్తే పోయే ప్రమాదం ఉంటుంది. ఒక మినహాయింపు: దళంలో మొదటి స్థానంలో ఉన్న ఫ్లాగ్‌షిప్ మునగదు. కాబట్టి మీ మొదటి అమ్మాయిని మొదటి స్థానంలోనే ఉంచితే ఆమెకి ఢోకా లేదు. నేను నాలుగో నెలలో ఒక రాత్రి నిద్రమత్తులో, రెండో స్థానంలో ఉన్న యూదాచి తైహాలో ఉందని చూడకుండా ముందుకెళ్ళు అని నొక్కాను. తెర నల్లబడింది. మర్నాడు ఆఫీసులో కూడా అదే గుర్తొచ్చింది. ఆరోజు నుంచి ప్రతి యుద్ధం తర్వాతా ఆరు మొహాలూ వేలు పెట్టి లెక్కపెట్టి మరీ నొక్కుతాను.

ఇదంతా చదివి, జపాన్ అకౌంట్, అర్థం కాని భాష, పోయిన ఓడ తిరిగిరాకపోవడం, ఇన్ని తలనొప్పులు ఎందుకు అనిపిస్తే, అజూర్ లేన్ ఉంది. 2017లో చైనా కంపెనీలు మొదలుపెట్టిన మొబైల్ ఆట, ఇంగ్లిష్‌లో ఆడొచ్చు, ఓడలు చావవు, చేత్తో కదుపుతూ గుళ్ళు తప్పించుకోవచ్చు. ఫుబుకి, ఇనజుమా అందులోనూ ఉన్నారు. అయితే అక్కడ మొదట ఎంచుకోమని ఇచ్చేది లాఫీ, జావెలిన్, జెడ్ 23 అనే ముగ్గుర్ని. ఒకరు అమెరికా, ఒకరు బ్రిటన్, ఒకరు జర్మనీ. చేతికి ఆట కావాలంటే అజూర్ లేన్. ఓడల కథ కావాలంటే నా దృష్టిలో కాన్‌కోలే. ఓడ పోతే పోయినట్టే అన్న భయం వల్లే ఇక్కడ ఒక్కో పేరూ గుర్తుండిపోతుంది.

నన్ను అడిగితే నేనిప్పుడు మురకుమోని తీసుకుంటాను. మా తమ్ముడు అడిగితే వాడికి ఇనజుమా అని చెప్పాను, వాడి స్వభావానికి మురకుమో మాటలు పడవు. జపనీస్ చాటింగ్ బాగా తెలిసిన స్నేహితుడికి సజనామిని కళ్ళు మూసుకుని చెప్తాను. సమిదారెని ఎవరికీ చెప్పలేదు కానీ, చెప్పకుండానే ఎంచుకున్నవాళ్ళు ఇద్దరు తెలుసు. ఆరేళ్ళయినా ఆమెనే సెక్రటరీగా ఉంచుకున్నారు. అందులో ఒకతను 99వ లెవెల్ దాటించడానికి ఇచ్చే ఉంగరం కూడా ఆమెకే తొడిగాడు.

ఎంచుకున్నాక మొదటి పని, ఆ ఒక్క అమ్మాయినే మొదటి మ్యాపుకి పంపడం. అక్కడుండే శత్రు డిస్ట్రాయర్‌ని కొట్టి, ఎక్కడో ఒకచోట గీసుకుపోయి వస్తుంది. వచ్చాక తిట్టకుండా రేవులో స్నానానికి పెట్టండి. మొదట్లో కొన్ని నిమిషాల్లోనే బాగైపోతుంది, ఆ లోపు టీ పెట్టుకుని రావచ్చు.